వాకిట్లో సీసం: ఎవరి కర్మ?



ఆదివారం పొద్దున ఉస్మానియా క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజీకి కొంచెం ఎడంగా చెట్ల కింద మన ధమ్మ క్లాసు జరుగుతుందని మీలో చాలామందికి తెలుసు. పది పదిహేను మందిమి కూర్చుంటాం. త్రిశరణం, పంచశీల చెప్పుకుంటాం, బాబాసాహెబ్ పుస్తకంలోంచి రెండు మూడు పేజీలు చదువుకుంటాం, తర్వాత తార్నాక దాకా నడిచి చాయ్ తాగి ఎవరి దారిన వాళ్ళం పోతాం. మొన్నొక ఆదివారం ఆ చెట్ల కిందికి మా మరదలు వచ్చింది. మా చిన్నాయన కోడలు. నాలుగేళ్ళ కొడుకును చంకనేసుకుని, నగరానికి ఆ చివరి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది.

పిల్లవాడికి ఏడాది నుంచి ఒకటే కడుపునొప్పి. అన్నం తినడు. ఒక చోట కూర్చోడు. తోటి పిల్లలు గడగడ మాట్లాడుతుంటే వీడు రెండు ముక్కలు కూడబలుక్కుంటాడు. ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఓపిగ్గా అన్నీ అడిగి, రక్తం తీయించి, సీసం ఉందని చెప్పింది. మందు ఇచ్చేంత అంకె కాదు, కానీ ఊరుకునే అంకె కూడా కాదు, అది ఎక్కడి నుంచి లోపలికి పోతుందో చూసి ఆపండి అన్నదట. మా మరదలు ఆ చీటీ నా చేతిలో పెట్టి అందరి ముందే అడిగింది:

"బావా, మా పక్కింటామె అంటది, పోయిన జన్మల చేసుకున్న పాపమట. మనం బుద్ధుని దిక్కు వచ్చినోళ్ళం గదా. మరి ఇది ఎవరి కర్మ? వీనిదా, నాదా, మా మామదా?"

చివరి మాట దగ్గర నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఆ సీసం ఎక్కడిదో నాకు తెలుసు.

మీకూ చెప్తాను, దాచిపెట్టి ధమ్మం చెప్పడం నా వల్ల కాదు. మా చిన్నాయన పాతికేళ్ళ కింద పాత బ్యాటరీలు కరిగించేవాడు. ఆటోలవి, లారీలవి, ఇన్వర్టర్లవి. మెకానిక్ షెడ్ల దగ్గర తూకానికి కొనుక్కొచ్చి, గొడ్డలితో మూత పగలగొట్టి, యాసిడ్ మోరీలో వంపేసి, లోపలి ప్లేట్లు గుంజి కుప్ప పోసేవాడు. రాత్రి పూట వాకిట్లో బొగ్గుల మీద ఇనుప కడాయి. సీసం కరగడానికి 327 డిగ్రీలు చాలు, ఇనుముకు కావలసినంత మంట అక్కర్లేదు. అందుకే ఈ పని కార్ఖానా లేకుండా ఇంటి ముందరే అవుతుంది. పైన తేలిన చిట్టెం గరిటెతో తీసి పక్కకు విసిరి, కిందిది అచ్చుల్లో పోసి, తెల్లారేసరికి ముద్దలు సేటు దుకాణానికి చేర్చేవాడు. ఆ పొగ పీలిస్తే నాలుక మీద తియ్యగా ఉండేది. వానాకాలం వాకిలి బురద కాకుండా ఆ చిట్టెమే పరిచేవాళ్ళం. పరిచేవాళ్ళం అంటున్నాను, నేనూ గంపలతో మోశాను.

ఆ డబ్బుతోనే నా ఎం.ఏ. అయింది. హాస్టల్ మెస్ బిల్లు నెలనెలా చిన్నాయన చేతి నుంచి వచ్చేది, నోట్లకు కూడా ఆ మసి వాసన. చదువైపోయే నాటికి ఆయన ఆ పని మానేశాడు, వేరే కూలికి పోయాడు. భట్టీ ఆరి ఇరవై ఏళ్ళు దాటింది. పిల్లవాడు పుట్టి నాలుగేళ్ళే. చూశారా, తను పుట్టకముందు పదహారేళ్ళ కిందట ఆరిపోయిన మంట వాడి రక్తంలో ఉంది. పక్కింటామె పోయిన జన్మ అన్నది ఇందుకేనేమో. లెక్క ఒకటే తప్పు: పోయిన జన్మ కాదు, పోయిన తరం.

మనం అనిచ్చ అని రోజూ చెప్పుకుంటాం. పుట్టిందల్లా పోతుంది, దేనికీ స్థిరం లేదు. నిజమే. కానీ లోహం సంగతి వేరుగా కనిపిస్తుంది. ఆకు కుళ్ళుతుంది, శవం మట్టవుతుంది, పురుగుల మందు కూడా ఏదో ఒక నాటికి విరిగిపోతుంది. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ విరగడానికి ఇంకేమీ లేని మూలకాలు. చోటు మారతాయి, రూపు మారతాయి, మాయమవవు. రోమన్ల కాలంలో సీసం, వెండి కరిగించిన కొలుముల పొగ గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా సీసంగానే దొరికింది. రోమ్ పోయింది, చక్రవర్తులు పోయారు, బానిసలు పోయారు, పొగ మిగిలింది. అనిచ్చ అంటే "అన్నీ అవే పోతాయిలే" అని చేతులు దులుపుకోవడం అనుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

పెద్ద కార్ఖానాల్లోనూ పద్ధతి ఇదే, కడాయి పెద్దది, అంతే. ఖనిజంలో లోహం గంధకంతో కలిసి ఉంటుంది, దాన్ని కాల్చి విడదీస్తారు. జింకు ఖనిజంలో కాడ్మియం కూడా అంటుకుని వస్తుంది. పొగలో సన్నటి రేణువులు లేస్తాయి, గాలి ఎటుంటే అటు పోయి నేల మీద వాలతాయి. దున్నని నేలలో సీసం లోతుకు దిగదు, పైపొరల్లోనే పట్టుకుని కూర్చుంటుంది. అంటే సరిగ్గా పిల్లలు పాకే ఎత్తులో. జాంబియాలో కాబ్వే పట్టణపు గని, స్మెల్టర్ 1994లో మూతపడ్డాయి, అక్కడి పిల్లల రక్తంలో సీసం మాత్రం ఇప్పటికీ పడుతోంది. మన విశాఖలో మింది దగ్గర 1977లో మొదలైన జింకు స్మెల్టర్ 2012లో ఆగింది. అలాంటి చోట్ల భట్టీ ఆర్పినప్పుడు లెక్క ముగిసిందని కాగితం రాసుకుంటాం. నేల దగ్గర లెక్క మొదలయ్యేది అప్పుడే.

ఇప్పుడు హైదరాబాదుకే వద్దాం. మీలో మెట్రో ఎక్కేవాళ్ళకు తెలుసు, తార్నాక తర్వాత హబ్సిగూడ, ఆ తర్వాత ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్. 1961లో పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ అది. అక్కడి శాస్త్రవేత్తలు నార్వే వాళ్ళతో కలిసి 2002, 2003లో కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిని వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి ఎత్తి పరీక్షించారు. దాదాపు 300 పరిశ్రమలు అక్కడ: అద్దకం, నూనెలు, బ్యాటరీలు, లోహపు పూతలు. ఎక్స్‌రే యంత్రంతో పద్నాలుగు లోహాలు కొలిచారు. సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, కాడ్మియం పారిశ్రామికవాడ అంతటా చాలా ఎక్కువగా తేలాయి. దిగువన జనం ఉండే బస్తీల్లోనూ కొంత తేలింది. అది గాలికో వానకో అంత దూరం వచ్చింది కాకపోవచ్చు, ముఖ్యంగా అక్కడికక్కడే పారబోసిన వ్యర్థాల వల్లే అయ్యుంటుందని 2008లో అచ్చయిన ఆ అధ్యయనంలో రాశారు. మా చిన్నాయన వాకిలి లాంటి వాకిళ్ళు నాకు గుర్తొచ్చాయి. ఇంకో మాట కూడా నిజాయితీగా రాశారు: ఆర్సెనిక్, క్రోమియం కొంత మన రాతిలోనే సహజంగా ఉన్నాయి, వాటిని మనిషి పోసినదానితో కలిపి లెక్కించకూడదు అని. ఎక్కువ తక్కువలు పోల్చుకోవడానికి వాళ్ళు వాడిన కొలబద్ద కెనడాది. మట్టి కాటేదాన్‌ది, కొలత కెనడాది. మన దగ్గర కలుషిత స్థలాల కోసం కేంద్రం ప్రత్యేక నియమాలు తెచ్చింది 2025లో.

ఆ 2002, 2003 నాకు ఎందుకు గుచ్చుకుంటాయంటే, నేను అప్పుడు ఈ క్యాంపస్‌లోనే ఉన్నాను. సాయంత్రం హాస్టల్ నుంచి తార్నాకకు నడుస్తుంటే దారిలో జాతీయ పోషకాహార సంస్థ గేటు. ఆ పక్కన ఐఐసీటీ. ఇంకొంచెం పోతే ఎన్‌జీఆర్‌ఐ. తిండిని కొలిచేవాళ్ళు, రసాయనాన్ని కొలిచేవాళ్ళు, మట్టిని కొలిచేవాళ్ళు, అందరూ నా నడక దూరంలో. మట్టిని తినేవాళ్ళు మాత్రం ఆ గేట్ల లోపలికి ఎన్నడూ పోలేదు. నేనూ పోలేదు. సీసం డబ్బుతో మెస్‌లో అన్నం తిని, మార్క్స్ గురించీ మనువు గురించీ అర్ధరాత్రి దాకా వాదించాను. కొన్ని మైళ్ళ అవతల మట్టి సంచుల్లోకి ఎక్కి నా ముందు నుంచే పోయుంటుంది, ఎవరికి తెలుసు.

సరే, మరదలి ప్రశ్నకు రావాలి.

సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి దాదాపు ఇదే అడుగుతాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసినదాని వల్లేనని కొందరంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు వేదాంతం చెప్పలేదు, వైద్యుడిలా జవాబిచ్చాడు. పిత్తం వల్ల బాధ పుడుతుంది, శ్లేష్మం వల్ల పుడుతుంది, వాతం వల్ల పుడుతుంది, మూడూ కలవడం వల్ల, రుతువు మారడం వల్ల, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల, బయటి నుంచి దెబ్బ తగలడం వల్ల, కర్మ ఫలితం వల్ల. ఎనిమిది కారణాల్లో కర్మ ఒకటి, అదీ చివరన. అన్నీ పూర్వకర్మే అనేవాళ్ళు తమకు తెలిసినదాన్నీ లోకానికి తెలిసినదాన్నీ దాటిపోయి మాట్లాడుతున్నారని అన్నాడు. ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు రాతిలోని ఆర్సెనిక్‌ను వేరు చేసి, పారబోసిన సీసాన్ని వేరు చేసిన పద్ధతి ఇదే గదా. ఏ బాధకు ఏ కారణమో విడదీసి చూడటం. పటిచ్చ సముప్పాదం అని మనం నోరు తిరగని మాటతో చెప్పుకునేది ఇదే.

బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని ఎందుకంత పట్టుబట్టి తోసేశాడో ఇక్కడ అర్థమవుతుంది. పేదవాడి పేదరికానికి వాడి పోయిన జన్మే బాధ్యత అయితే, ఇక రాజ్యానికీ సమాజానికీ ఏ బాధ్యతా ఉండదు. పిల్లవాడి రక్తంలో సీసానికి పిల్లవాడే బాధ్యుడు. సేటు లేడు, పాత బ్యాటరీ అమ్మిన షెడ్డు లేదు, చూడాల్సిన ఆఫీసు లేదు. అసలు వాకిలే లేదు! 1953 జనవరిలో ఉస్మానియా ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మనం ఆ క్యాంపస్‌లో కూర్చుని చదువుకుంటున్నది అందుకే ఇష్టం నాకు.

ఇక్కడిదాకా మీరు తల ఊపుతూ వచ్చి ఉంటారు. క్లాసులో వాళ్ళూ ఊపారు. అప్పుడు డిగ్రీ చదివే ఒక తమ్ముడు నన్ను ఇరికించాడు. "అన్నా, బుద్ధుడు చేతననే కర్మ అన్నాడు గదా. ఉద్దేశం లేనిది కర్మే కాదు. మీ చిన్నాయనకు మనవణ్ణి చంపాలని ఉద్దేశం లేదు. సేటుకూ లేదు. స్మెల్టర్ మేనేజర్‌కూ లేదు. మరి ఎవ్వరి కర్మా కాదా?"

మంచి ప్రశ్న. ఆ రోజు చాయ్ దగ్గర కూడా తేలలేదు, ఈ వ్యాసం రాస్తున్నది దాని కోసమే.

మొదట పెద్దవాళ్ళ సంగతి. అమెరికాలో ఐడహో రాష్ట్రం కెల్లాగ్ అనే ఊళ్ళో ఒక సీసం స్మెల్టర్ ఉండేది, బంకర్ హిల్ కంపెనీది. 1973 సెప్టెంబర్‌లో పొగను వడకట్టే గది తగలబడింది. అప్పుడు సీసానికి మంచి ధర ఉంది. వడపోత సరిగ్గా లేకుండానే నెలల తరబడి భట్టీ నడిపారు. 1974లో చూస్తే దగ్గర్లో ఉన్న పిల్లల్లో దాదాపు అందరి రక్తంలోనూ సీసం ప్రమాదకరంగా ఉంది. తర్వాత కోర్టు కేసులో కంపెనీ పెద్దలు రాసుకున్న కాగితం బయటపడింది: పిల్లవాడికి ఇంత చొప్పున పరిహారం కడితే మొత్తం ఎంతవుతుంది అని అందులో ముందే లెక్క వేసుకున్నారు. వాళ్ళకూ పిల్లల మీద పగ లేదు. కానీ తెలుసు. తెలిసి, లెక్క వేసి, భట్టీ ఆర్పలేదు. నా దృష్టిలో అదే చేతన. ఉద్దేశం అంటే పళ్ళు కొరికి చంపాలనుకోవడమే కానక్కర్లేదు, తెలిసీ ఆపకపోవడంలోనూ ఉద్దేశం ఉంటుంది. మట్టిని కొలిచి అంకె అచ్చయిన రోజు నుంచి, ఆ అంకె ఎవరి బల్ల మీదకు చేరిందో వాళ్ళెవరూ "తెలియక" అనే మాట వెనక దాక్కోలేరు. పాత బ్యాటరీలు తిరిగి నమోదైన రీసైక్లింగ్ యూనిట్లకే చేరాలని 2001లోనే నియమాలు వచ్చాయి. మా వాకిట్లో కడాయి ఆ తర్వాత కూడా కాలింది.

మరి తెలియనివాడు? ఇక్కడ మిలింద పన్హలో ఒక మాట ఉంది, చదివిన కొత్తలో నాకు అన్యాయంగా తోచింది. తెలిసి తప్పు చేసినవాడికి ఎక్కువ కీడా, తెలియక చేసినవాడికా అని మిలిందుడు అడుగుతాడు. తెలియనివాడికే అంటాడు నాగసేనుడు. రాజుగారు ఒప్పుకోడు, మనలాగే. అప్పుడు నాగసేనుడు ఎర్రగా కాలిన ఇనుప గుండు సంగతి తెస్తాడు. అది కాలుతోందని తెలిసినవాడు, తెలియనివాడు ఇద్దరూ పట్టుకుంటే ఎవరి చెయ్యి ఎక్కువ కాలుతుంది? తెలియనివాడిదే.

కరిగిన లోహం చేతుల మీద చింది మచ్చలు పడ్డ మా చిన్నాయనను చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఇప్పుడు ఆ మాట నాకు తీర్పులా వినిపించదు. శిక్ష ఎవరికి వెయ్యాలి అని నాగసేనుడు చెప్పడం లేదు, చెయ్యి ఎవరిది కాలుతుంది అని చెప్తున్నాడు. తెలిసినవాడు పట్టకారు వాడతాడు, గోడ అవతల నిలబడతాడు, ఇంకొకరి చేత పట్టిస్తాడు. తెలియనివాడు గుప్పిట బిగించి పట్టుకుంటాడు. బిడ్డను కూడా అదే చేత్తో ఎత్తుకుంటాడు. తప్పు ఒకడిది, కాలేది ఇంకొకడిది. అయితే తెలుసుకుని ఇంటికి చెప్పనివాడి సంగతేమిటి? అంటే నా సంగతి. సీసం విషమని నేను ఎం.ఏ. అయ్యేలోపే ఎక్కడో చదివాను. 2000లో దేశమంతా పెట్రోలులోంచి సీసం తీసేసినప్పుడు పేపర్లన్నీ రాశాయి గదా. చదివి కూడా మా వాకిలి గుర్తు రాలేదు. గుర్తు రాలేదా, రానివ్వలేదా? ఇరవై ఏళ్ళు ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి, ఆ రెండింటికీ మధ్య తేడా ఖచ్చితంగా చెప్పలేకపోతున్నాను.

సమ్మా ఆజీవం గురించి ఒక్క మాట. ఉపాసకుడు చేయకూడని ఐదు వ్యాపారాల్లో విషం అమ్మడం ఒకటని అంగుత్తర నికాయంలో ఉంది. మన క్లాసుల్లో దీన్ని చాలా తేలిగ్గా చెప్పేస్తుంటాం. చిన్నాయన దగ్గర కూర్చుని పిల్లవాడి చీటీ సంగతి చెప్పినప్పుడు నేనూ అదే ధోరణిలో మొదలుపెట్టాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అయ్యో, అది విషమని ఎవడన్న చెప్పిండ్రా బిడ్డా నాకు? చెప్తె మాత్రం, ఏం పని ఇస్తుండె నాకు ఈ ఊరు? నీ ఫీజు ఎవడు కడ్తుండె?" జవాబు లేదు నా దగ్గర. చచ్చిన గొడ్డును లాగమన్నదీ, మోరీలోకి దిగమన్నదీ, బ్యాటరీ పగలగొట్టమన్నదీ ఒకే చెయ్యి. విష వ్యాపారి ఎవరు అని వెతికేటప్పుడు గొలుసులో చివరన, చేతికి గుడ్డ కూడా లేకుండా నిలబడ్డవాణ్ణి పట్టుకుని శీలం అడగడం నాకు సిగ్గుగా ఉంది. అయినా ఆ రోజు ఆయన లేచి మనవడి దగ్గరకు పోయి, ఎత్తుకోకుండా, ముందు చేతులు కడుక్కున్నాడు. ఎందుకు కడిగాడో తెలియదు, ఆ పని మానేసి ఇరవై ఏళ్ళయింది గదా.

మీ బస్తీల్లో కూడా ఇలాంటి వాకిళ్ళు ఉండొచ్చు, అందుకని మేం చేసింది చెప్తాను. క్యాంపస్‌లో పరిశోధన చేసే ఒక తమ్ముడు మట్టి తీసుకుపోయి చూపించాడు. కెనడా వాళ్ళు ఇళ్ళున్న చోట సీసానికి పెట్టుకున్న హద్దు కిలో మట్టికి 140 మిల్లీగ్రాములు. మా వాకిలి దానికి ఎన్నో రెట్లు. పొడి చీపురుతో ఊడ్చడం మానేశాం, దుమ్ము లేస్తుంది కాబట్టి. తడిగుడ్డతోనే. పిల్లవాడి చేతులు తినే ముందు, పడుకునే ముందు కడగాలి. ఆకుకూర ఆ మట్టిలో పెంచొద్దు, బయటిది తినాలి. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువైతే పేగులు సీసాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి, అందుకని రాగులు, పాలు, గుడ్డు. రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే అది ఎక్కడి నుంచి వస్తుందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఇంత వరకు పరవాలేదు అనే అంకె ఏదీ లేదనీ చెబుతోంది. మన దేశంలో 27 కోట్ల 50 లక్షల మంది పిల్లల్లో ఆ 5 దాటి ఉంటుందని 2020లో యునిసెఫ్ అంచనా వేసింది. కాబట్టి మీ పిల్లలకు ఒకసారి పరీక్ష చేయించమని అడగండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు.

ఇక మట్టి. పైపొర జానెడు లోతున తవ్వి, సంచుల్లోకి ఎత్తి, వేరే చోటి నుంచి తెచ్చిన మొరం పోసి, పైన సిమెంటు చేశాం. తమ్ముడు, నేను, క్లాసుకు వచ్చే నలుగురు పిల్లలు, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, నీళ్ళు చల్లుతూ రెండు రోజులు తవ్వాం. ఇరవై ఆరు సంచులు. తవ్వేటప్పుడు ఎవరికీ తట్టలేదు, మూతులు కుట్టాక తట్టింది: ఇవి ఎక్కడ పోయాలి?

చెత్త ఆటో అబ్బాయి రెండు వేలు ఇస్తే రాత్రికి రాత్రి మాయం చేస్తానన్నాడు. చిన్నాయన డబ్బులు తీశాడు. మా మరదలు అడిగింది, "ఏడ పోస్తవు తమ్మీ?" చెరువు వెనక అన్నాడు వాడు. చెరువు వెనక గుడిసెలున్నాయి. ఒడిశా నుంచి వచ్చిన కూలీలవి, పిల్లలున్నవాళ్ళవి. ఆమె మామ చేతిలోంచి నోట్లు తీసుకుని మళ్ళీ ఆయన జేబులోనే పెట్టేసింది. ఒక ఆఫీసుకు దరఖాస్తు ఇచ్చాం. ఇది ఇళ్ళ చెత్త కిందికి రాదన్నారు. ఇంకో ఆఫీసుకు పోతే పరిశ్రమ పేరు రాయమన్నారు. పరిశ్రమ ఏదీ లేదు, మా ఇల్లే అంటే, గుమాస్తా కాగితం మీద పెన్ను పెట్టి చాలాసేపు ఆలోచించాడు.

సంచులు ఇంకా గోడ పక్కనే ఉన్నాయి, పైన నీలం టార్పాలిన్, నాలుగు మూలలా రాళ్ళు. వాన పడ్డ రాత్రి మా మరదలు లేచి టార్చి వేసి రాళ్ళు జరిగాయేమో చూసొస్తుంది. వచ్చే ఆదివారం ఆమె క్లాసుకు వస్తుంది. దరఖాస్తు నకలు కూడా తెస్తానంది, మీలో ఇలాంటి ఆఫీసుల సంగతి తెలిసినవాళ్ళుంటే రండి. తొమ్మిదింటికి, అవే చెట్ల కింద.